కప్పలకి పిలుపులు

కార్డుల ఆట నియమం ప్రకారం డెక్‌లో కనీసం అరవై కార్డులుండాలి. బుర్ర ఉన్నవాడెవడూ అరవై ఒకటోది పెట్టడు. మా అమ్మ నియమం ప్రకారం ఒక ఇంట్లో ఒకరిని పిలిచి ఇంకొకరిని వదిలేస్తే ఆ పాపం ఎక్కడికీ పోదు. ఈ రెండు నియమాల మధ్య నేను ఎలా నలిగిపోయానో చెప్పాలంటే ముందు నేనాడిన ఒక అబద్ధం సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఆరేళ్ళ కిందట, శ్రావణమాసంలో నా పెళ్ళి. మా ఇల్లు చోడవరంలో. మా మేనమామ, అంటే అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, ఉండేది బుచ్చయ్యపేట దగ్గర. మా వైపు పెళ్ళికి పిలవడమంటే కార్డు చేతిలో పెట్టి రావడం కాదు. ఆ ఇంటికి వెళ్ళాలి, ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టాలి, ముసలివాళ్ళ దగ్గర్నుంచి చంటిపిల్లల దాకా పేరుపేరునా రమ్మనాలి. ఒక్క పేరు మర్చిపోయినా ఆ మనిషి రాడు. పైగా చచ్చేదాకా ఆ మాట ఎత్తుతూనే ఉంటాడు.

అన్ని ఇళ్ళూ అమ్మే తిరిగింది. తమ్ముడిల్లు మాత్రం ఆఖరికి ఉంచుకుంది, తీరిగ్గా కూర్చుని భోంచేసి రావచ్చని. తీరా ఆ రోజుకి జ్వరం వచ్చింది. కుంకుమ భరిణె ఇచ్చి నన్నూ, నాన్న వైపు పెద్దమ్మనీ పంపింది. ఊరు దాటకముందే వాన. ఒక టీ కొట్టు చూరు కింద ఆగాం. పెద్దమ్మ రెండు పొట్లాల పకోడీ తిని, ఆకాశం వైపు చూసి, "ఫోన్లో ఎట్టీరా, ఈ రోజుల్లో అందరూ అలాగే సేస్తన్నారు," అంది. నాకూ అదే కావాలి. కార్డు ఫోటో తీసి మావయ్యకి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంటికొచ్చేశాం.

"బొట్టెట్టేరా?" అంది అమ్మ.

పెద్దమ్మ నా వైపు చూసింది. "పెట్టేం," అన్నాను.

"ఏటన్నాడు తమ్ముడు?"

"వస్తానన్నాడు."

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నేనాడింది ఒక్కటే కదా అని అప్పట్లో సరిపెట్టుకున్నాను. కానీ మావయ్య పెళ్ళికి రాలేదు. పెళ్ళికొడుకుని చేసేటప్పుడు మేనమామ బట్టలు పెట్టాలి. నేను పీట మీద కూర్చుని ఉన్నాను, అమ్మ వీధి గుమ్మం వైపు చూస్తూ నిలబడింది. చివరికి ఎవరో వరసకి మామయ్య అయ్యేవాణ్ణి లాక్కొచ్చి ఆ తంతు కానిచ్చారు.

వస్తానని చెప్పి తమ్ముడు రాలేదని అమ్మ కోపం. సొంత అప్ప, అంటే అక్క, బొట్టు పెట్టకుండా కార్డు ఫోన్లో పడేసిందని మావయ్య కోపం. పిలవని పేరంటానికి పోయే మనిషి కాదాయన. ఇద్దరూ ఒకరికొకరు ఫోన్ చేసి ఉంటే అర నిమిషంలో నా వీపు పగిలి గొడవ తీరిపోయేది. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు, ఎవరూ చెయ్యలేదు. పెద్దమ్మ రెండేళ్ళ తర్వాత పోయింది, ఆ రహస్యాన్నీ ఆ పకోడీనీ తనతో తీసుకుపోయింది. ఇక తేలు కుట్టిన దొంగని నేనొక్కణ్ణే మిగిలాను.

అమ్మ తమ్ముడి ఊసే ఎత్తేది కాదు. కానీ మా ఇంట్లో పనసపండు కోసిన ప్రతిసారీ పది తొనలు గిన్నెలో వేసి, మూతపెట్టి, విడిగా ఉంచేది. మావయ్యకి పనస అంటే ప్రాణం. సాయంత్రానికి ఆ గిన్నె మా ముందు పెట్టి, "పాడైపోతాయి, తినీయండి," అనేది. మా ఆవిడ రెండు తినేది. నాకు గొంతు దిగేది కాదు.

ఇదిలా ఉండగా రెండేళ్ళ కిందట మావయ్య కొడుకు, నాకంటే ఏడాది పెద్దవాడైన మా బావ, చోడవరం బస్టాండు దగ్గర జిరాక్సు షాపు పెట్టాడు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టర్ని. ప్రశ్నపత్రాలు పట్టుకుని వెళ్ళక తప్పదు. మొదటి రోజు "ఎన్ని కాపీలు?" "అరవై." అంతే మాటలు. మూడోసారి వెళ్ళేసరికి కౌంటరు మీద రంగురంగుల కార్డులు పరిచి ఉన్నాయి. హైదరాబాదులో మూడేళ్ళు ఉద్యోగం చేసి మా బావ నేర్చుకొచ్చింది అదొక్కటే.

ఆట ఇది. మనిద్దరం మంత్రగాళ్ళం. చెరో ఇరవై ప్రాణాలు. డెక్‌లో కొన్ని నేల కార్డులుంటాయి, వాటినుంచి శక్తి వస్తుంది. ఆ శక్తితో జీవుల్ని పిలవాలి, అవి వెళ్ళి అవతలివాణ్ణి కొట్టాలి. ఒకే తెగ జీవులతో డెక్ కడితే మజా వేరు. ఆ తెగకి ఒక పెద్ద ఉంటాడు, వాడు దిగాడంటే తెగలో ప్రతివాడికీ బలం పెరుగుతుంది. బావది ఎలకల తెగ. చెరుకు తోటలో పందికొక్కులతో వాళ్ళ నాన్న ఏటేటా చేసే యుద్ధం చూస్తూ పెరిగి, చివరికి వెళ్ళి శత్రుపక్షంలో చేరాడు. నాకు మొదటి ప్యాకెట్లోనే కప్పల రాజు వచ్చింది కాబట్టి నాది కప్పల తెగ అయింది.

ప్రతి ఆదివారం షట్టరు సగం దించుకుని ఆడేవాళ్ళం. రెండిళ్ళకీ తెలియదు. ప్రతి ఆదివారం నేను ఓడిపోయేవాణ్ణి. నాకు ఓడిపోవడం చేతకాదు, మా స్కూలు పిల్లల్ని అడిగినా చెబుతారు. ఒకసారి కోపం పట్టలేక నా కప్పలన్నిటినీ జిరాక్సు మిషను ట్రేలో పడేసి వచ్చేశాను. మర్నాడు చూస్తే షట్టరు మీద వాటి కాపీలు, కింద "తప్పిపోయినవారు" అని నా ఫోన్ నంబరు. సాయంత్రంలోగా ముగ్గురు ఫోన్ చేశారు. అందులో ఒకాయన తన నూతిలో చూశానన్నాడు.

నా అబద్ధం బావకి తెలుసు, నేనే చెప్పాను. "నీ పెంట నువ్వే ఎత్తుకోవాల," అని ఊరుకున్నాడు. కానీ ఈ వేసవిలో బావకి పెళ్ళి కుదిరింది. ఒక ఆదివారం ఆట ముగిశాక ఎలకల్ని సర్దుతూ అన్నాడు. "మా నాన్న పిలుపుల జాబితా రాస్తన్నాడు. అత్త పేరు రాసేడు, కొట్టీసేడు. మళ్ళీ రాసేడు, మళ్ళీ కొట్టీసేడు. కాగితం సిరిగిపోయింది. ఇప్పుడు ఆ పేరున్న సోట బొక్క ఉంది."

నేను నా కప్పల్ని డబ్బాలో పెట్టుకున్నాను.

"నా పెళ్ళికి మేనత్త రాకపోతే ఇంక ఈ జన్మకి కలవరు. వచ్చే ఆదివారం ఆడదాం. నువ్వు ఓడిపోతే మీ అమ్మకి నిజం సెప్పీ. నేను ఓడిపోతే మా నాన్నకి నేనే సెప్తాను, తిట్లు నేను తింటాను."

నేరం నాది కాబట్టి నేనే వెళ్ళి చెప్పాలని మంచివాడికెవడికైనా తడుతుంది. నాకు మాత్రం ఎలాగైనా నెగ్గాలని తట్టింది. వారం రోజులు సంభావ్యత లెక్కలు వేశాను. అరవై కార్డులు, అందులో ఇరవై నాలుగు నేలలు, రాజుగారి కార్డులు నాలుగు, పనికిమాలిన కప్ప ఒక్కటి కూడా లేకుండా. ఆ లెక్కల మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఆ వాన రోజున పెట్టి ఉంటే బుచ్చయ్యపేట రెండుసార్లు వెళ్ళి వచ్చేవాణ్ణి.

శనివారం మధ్యాహ్నం అరుగు మీద చాప వేసి కార్డులన్నీ పరిచాను. ఎదురుగా అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. ఉండాల్సినవి ఒకవైపు, తీసేయాల్సినవి ఒకవైపు పెడుతున్నాను. కాసేపు చూసింది.

"ఏటిరా ఇయి?"

"కప్పలమ్మా. ఆట."

"ఈళ్ళెందుకు ఇటేపున్నారు? ఆళ్ళెందుకు అటేపు?"

ఇవి ఆటలోకి వస్తాయి, అవి రావు అన్నాను. అమ్మ చేతిలో చింతపండు ఆగిపోయింది.

"అందరూ కప్పలే కదా. ఒకింటోళ్ళే కదా."

తెగ అంటే ఏమిటో నేను వివరించాను. అదే నా కొంప ముంచింది. ఒకే తెగ, ఒకరికొకరు బలం, పైన ఒక పెద్ద అనగానే అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని చాప దగ్గరకి జరిగింది. తీసేసిన వాటిలోంచి ఒకటి ఎత్తింది. బొమ్మలో ముసలి కప్ప, కర్ర పట్టుకుని బురదలో కూర్చుంది.

"ఈడేం తప్పు సేసేడు?"

"ఏమీ చెయ్యడమ్మా, అదే తప్పు. కొట్టలేడు, ఆపలేడు. వాడివల్ల ఏ పనీ అవదు."

"పెళ్ళికొచ్చినోళ్ళందరూ వంట సేస్తారేటి?" అని వాణ్ణి ఇటువైపు పెట్టింది.

ఆ తర్వాత నా మాట సాగలేదు. సొంత తెగవాళ్ళనే మింగేసే కప్ప ఒకటుంది, దాన్ని చూపించి భయపెట్టబోయాను. "అలాంటోడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు, పిలవాల," అంది. కవలల కార్డులు రెండుంటే ఒక్కటే ఉంచానని, రెండోది ఏదని అడిగింది. పేరుకి మాత్రమే ఎగిరే కప్పని, "పోనీ, కూకుని తిని పోతాడు," అని లోపలికి పంపింది. ఇంతమందికి ఈ నేల సాలదని లెక్క తేల్చి నేల కార్డులు కూడా పెంచమంది. రైతు ఇంట పుట్టిన మనిషితో భూమి దగ్గర వాదించలేం. మా ఆవిడ మజ్జిగ తెచ్చి, చాప చూసి, "ఎంతమందికి వండాలి?" అని అడిగి నవ్వుకుంటూ పోయింది.

ఒక్క దగ్గర మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. కప్పపిల్ల కార్డు. తోక ఉంది, కాళ్ళు లేవు, కార్డు మీద తెగ దగ్గర "చేప" అని ఉంది. నియమం ప్రకారం అది కప్ప కాదు. అమ్మ చాలాసేపు ఆ బొమ్మ చూసింది. "కాళ్ళు రాలేదని పిల్లని వీధిలో నిలబెడతావా?" అంది. నేను ఒప్పుకోలేదు.

లెక్క పెడితే తొంభై మూడు. గణితం ప్రకారం ఇది ఆత్మహత్య, ఇంత గుంపులో రాజుగారు చేతికొచ్చేసరికి ఆటే అయిపోతుంది. తర్వాత తీసేద్దామని డబ్బాలో పెట్టాను. కానీ రాత్రి భోజనాల దగ్గర అమ్మ, "అందర్నీ ఉంచేవు కదా?" అని అడిగింది. "ఉంచాను," అన్నాను. ఇలాంటి సంగతుల్లోనే ఆవిడకి ఒకసారి అబద్ధం చెప్పినవాణ్ణి. ఇక కార్డులు తీసేయడానికి చెయ్యి రాలేదు.

ఆదివారం పొద్దున్న బయల్దేరుతుంటే గుమ్మంలో ఆపి డబ్బా మూత తీసింది. కొంగులోంచి కప్పపిల్లని తీసి అందరి మధ్యా పెట్టింది. "ఈడుండిపోయేడు," అంది. తొంభై నాలుగు.

షాపులో డబ్బా తీసి కౌంటరు మీద పెట్టడానికి సిగ్గేసింది. డెక్ జానెడు ఎత్తుంది. బావ దాన్ని చూసి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తన సంచిలోంచి తన డెక్ తీశాడు. అది కూడా జానెడు ఎత్తుంది.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"నోరు ముయ్యి. ఆడు," అన్నాడు.

ఆడాం. నేను కార్డు తీస్తే నేల. బావ తీస్తే నేల. మళ్ళీ నేల. కాసేపటికి నా ముసలి కప్ప దిగింది. బావ ఒక గుడ్డి ఎలకని దింపాడు. అదేం చేస్తుందని చదివి చూస్తే ఏమీ చెయ్యదు. నేను తల ఎత్తి చూశాను. బావ చూపు తిప్పుకుని, కొంచెం కోపంగా అన్నాడు.

"పెళ్ళికొచ్చినోళ్ళందరూ..."

"...వంట సేస్తారేటి," అన్నాను నేను.

అది మా అమ్మమ్మ మాట. బావకి నాయనమ్మ. మా ఇద్దరి ఇళ్ళలో ఆ మాట అనేవాళ్ళు ఇక ఇద్దరే ఉన్నారు, ఆ ఇద్దరికీ మాటల్లేవు.

"నిన్న జాబితా రాస్తా రాస్తా నా కార్డులు సూసేడు మా నాన్న," అన్నాడు బావ. "సుంచుని కూడా ఎట్టించేడు. అది ఎలక కాదు నాన్నా అంటే, అయితే ఏటి, ఆ ముక్కు సూసి మనోడు కాదంటావా అన్నాడు."

నేను కప్పపిల్లని చూపించాను. చుంచుకి నేను అభ్యంతరం చెప్పలేదు, చేపకి బావ చెప్పలేదు.

అంత విచిత్రమైన ఆట నేనెప్పుడూ ఆడలేదు. కప్పలు కౌంటరు నిండిపోయాయి. ఎలకలు జిరాక్సు మిషను అద్దం మీదకి పాకాయి. ఎవరు ముందుకెళ్ళినా అవతల గుంపు మీద పడుతుంది కాబట్టి ఎవరూ వెళ్ళలేదు. అటు నలభై మంది, ఇటు నలభై మంది, వడ్డన ఎప్పుడని ఎదురుచూసే బంతుల్లా కూర్చున్నారు. రెండు వైపులా పెద్దలు దిగారు. దిగి వాళ్ళూ కూర్చున్నారు. మధ్యాహ్నం అయింది. ఇడ్లీ తెప్పించుకుని తిన్నాం, కార్డుల మీద చట్నీ పడకుండా. నాలుగింటికి కూడా ఇద్దరికీ ఇరవై ప్రాణాలూ అలాగే ఉన్నాయి.

అప్పుడు బావ కార్డు తీద్దామని చెయ్యి చాపితే అక్కడ కార్డు లేదు. తీయడానికి కార్డు లేనివాడు ఓడిపోయినట్టు, అది ఆట నియమం. నా డెక్‌లో ఒక్కటి మిగిలింది. తిప్పి చూశాను, నేల. బావవి తొంభై మూడు, నావి తొంభై నాలుగు. గుమ్మంలో అమ్మ పెట్టిన తోక పిల్లాడే నన్ను గెలిపించాడు.

"సెప్తాలే ఇయ్యాలే," అన్నాడు బావ. ఎలకల్ని ఒక్కొక్కటీ సర్దుకుని వెళ్ళిపోయాడు. రెండేళ్ళలో మొదటిసారి నేను గెలిచాను. బండి మీద ఇంటికి వస్తూ పాట పాడుకున్నాను కూడా. సిగ్గులేకపోవడానికి హద్దుంటుందని అప్పటికి తెలియదు.

"నెగ్గేవా?" అంది అమ్మ.

"నెగ్గేను. నువ్వు ఆఖర్ని పెట్టిన పిల్లాడి వల్లే."

అమ్మ ముఖం వెలిగిపోయింది. "సూసేవా. ఎవర్నీ వదలకూడదు," అంటూ లోపలికెళ్ళి పనసతొనలు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ రోజు పండు కోశారన్నమాట. ఆవిడ వెనక, వంటింటి గట్టు మీద, మూతపెట్టిన గిన్నె కనిపించింది.

అబద్ధం చెప్పడానికి రెండు మాటలు సరిపోయాయి. నిజం చెప్పడానికి చాలాసేపు పట్టింది. వాన, టీ కొట్టు, పకోడీ, ఫోటో, నీలం టిక్కులు, బావ, పందెం, అన్నీ చెప్పాను. అమ్మ నిలబడే వింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననిపించింది.

"నిన్న కూకుని తొంభై కప్పల్ని పిలిసేవురా," అంది చివరికి. "మేనమామని పిలవలేకపోయేవు."

ఏడుపొచ్చింది నాకు. నలభై ఏళ్ళు దగ్గరపడుతున్న లెక్కల మాస్టర్ని, పనసతొన చేత్తో పట్టుకుని ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు. బీరువా తెరిచి నా పెళ్ళి కార్డులు మిగిలినవాటిలోంచి ఒకటి తీసింది. నాలుగు మూలలా పసుపు రాసింది.

మర్నాడు పొద్దున్నే నేను బండి తీశాను. వెనక అమ్మ, ఒళ్ళో కుంకుమ భరిణె. ఆరేళ్ళ కిందట అరగంటలో అయిపోవాల్సిన ప్రయాణం. మావయ్య వీధి అరుగు మీద నిలబడి ఉన్నాడు. పక్కనే బావ. నాన్నకి చెప్పేసినట్టున్నాడు, చెంప ఒకటి ఎర్రగా ఉంది. ఆ దెబ్బ నాది, బాకీ పడ్డాను.

అమ్మ మావయ్య వైపు చూడలేదు. తిన్నగా లోపలికెళ్ళి అత్తకి బొట్టు పెట్టింది. బయటికొచ్చి కార్డు తమ్ముడి చేతిలో పెట్టి, పిలవాల్సిన పద్ధతిలో పిలిచింది. "తమ్ముడూ, నువ్వూ, మరదలూ, గుంటడూ, ఇంటిల్లిపాదీ మా వోడి పెళ్ళికి రావాల."

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆ కార్డు మొత్తం చదివాడు. వధువు పేరు, తాతల పేర్లు, విందు ఎక్కడో, అన్నీ. చదివి, "ముహూర్తం దాటిపోనాది కదే అప్పా," అన్నాడు.

"నీకు దాటలేదు. ఆదివారం రా."

"నువ్వు బొట్టెట్టి పిలిస్తే రానేటి," అన్నాడు. తర్వాత జేబులోంచి బొక్క పడిన జాబితా తీసి ఆవిడకి చూపించబోయాడు. "కాగితం నాకెందుకు, మరదలొచ్చి పిలవాల," అంది అమ్మ. పద్ధతంటే పద్ధతే.

ఆదివారం మావయ్య బట్టల పళ్ళెంతో సహా వచ్చాడు. నన్ను పీట మీద కూర్చోబెట్టారు. మా నాలుగేళ్ళ కూతురు, నాన్నకి పెళ్ళా అని అడిగితే మా ఆవిడ, "అవును, ఈసారి సరిగ్గా చేసుకుంటున్నాడు," అంది. ఆ చొక్కా ఆరేళ్ళ కిందట కొని దాచిందేనట. బొత్తాలు పట్టలేదు. మావయ్య నా నుదుటన బొట్టు పెట్టి, అదే చేత్తో నెత్తిన ఒక మొట్టికాయ కూడా వేశాడు. బావ, ఆ రోజు కౌంటరు నిండిన కప్పల్లాగే, ఒక పక్కన కూర్చుని అంతా చూశాడు.

తర్వాత అమ్మ, ఆ పొద్దున్నే తొనలు వేసి గట్టు మీద మూతపెట్టి ఉంచిన గిన్నె తెచ్చి తమ్ముడి ముందు పెట్టి మూత తీసింది. మావయ్య తల వంచుకుని ఒక్కొక్క తొనా తిన్నాడు, పదీ తిన్నాడు. ఆ సాయంత్రం మా అమ్మకి, పాడైపోతాయి తినీయండి అని మా ముందు పెట్టడానికి ఏమీ మిగల్లేదు.